మాట్లాడటం ఆపి వినేలోపు: చెరువు కట్ట మీద ఒక ఎన్‌బీ-ఐఓటీ కేసు

చెరువుల నీటిమట్టం చెప్పే మా పరికరాలు ఎన్‌బీ-ఐఓటీ మీద నడుస్తాయి. చిన్న పరికరాలు తక్కువ కరెంటుతో మొబైల్ టవర్‌కు చిన్న సందేశాలు పంపే పద్ధతి అది. సిగ్నల్ నిండుగా ఉన్న చెరువుల దగ్గర అవి టవర్‌తో కలిశాయి. సిగ్నల్ దాదాపు లేనట్టే ఉన్న అడవి అంచు చెరువుల దగ్గరా కలిశాయి. ఈ రెంటికీ మధ్య, ఓ మోస్తరు సిగ్నల్ ఉన్న నాలుగు చెరువుల దగ్గర మాత్రం మూగబోయాయి. సిగ్నల్ తగ్గేకొద్దీ కష్టం పెరగాలి. ఇక్కడ మధ్యలోనే గొయ్యి ఉంది. దాని అడుగు తాకడానికి మాకు ఏడు వారాలు పట్టింది. చివరికి తేలింది ఒక్కటే: పరికరం మాట్లాడటం ఆపి వినడం మొదలుపెట్టే ఆ నాలుగు మిల్లీసెకన్లలో దాని కరెంటు, దాని గడియారం ఇంకా కుదుటపడలేదు. ఇలాంటి పరికరాలు చేస్తున్న మరొకరికి ఆ ఏడు వారాలు మిగలాలని కేసు మొత్తం రాస్తున్నాను.

పని ఏమిటి

నర్సంపేట నుంచి మల్లంపల్లి మీదుగా ములుగు వెళ్లే దారికి అటూ ఇటూ ఉన్న పద్నాలుగు చెరువులకు నీటిమట్టం చెప్పే పరికరాలు చేసి బిగించాం. ఎందుకు బిగించామో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే పొద్దున భూపాలపల్లి వైపు మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు నీట మునిగింది, జనం మిద్దెల మీద నిలబడ్డారు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు ఉన్న నేల ఇది. పై చెరువు మత్తడి (అలుగు) దుంకితే కింది చెరువుకు ఎంతసేపట్లో నీళ్లు చేరతాయో ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు. కానీ పై చెరువు మత్తడి దుంకుతున్న సంగతి రాత్రి రెండు గంటలకు కింది ఊరికి ఎవరు చెప్పాలి? మా పరికరం చేయాల్సింది ఆ ఒక్క పని.

పరికరంలో ఉన్నవి: తూము దగ్గర గొట్టానికి బిగించిన రాడార్ లెవెల్ సెన్సర్, పక్కన చిన్న వానమాపకం, మైక్రోకంట్రోలర్, ఎన్‌బీ-ఐఓటీ మాడ్యూల్, 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ ఒకటి. టార్చిలైటులో వేసే పెద్ద సెల్ సైజు, 19 ఆంపియర్-అవర్లు. సోలార్ పెట్టలేదు. కట్ట మీద ప్యానెల్ నిలవదు, కోతులు వదలవు. సెల్ పక్కనే 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. ఎండాకాలంలో చెరువు ఎండి ఉంటుంది కాబట్టి మూడు రోజులకు ఒక రిపోర్టు, వానమాపకం కదిలితే వెంటనే ఒకటి, వాన పడుతున్నంతసేపు పావుగంటకు ఒకటి. ఇదీ మేం రాసుకున్న లెక్క.

మొగులైన నాడు

ఏప్రిల్‌లో బిగించాం. జూన్‌లో తొలకరి పడగానే నాలుగు చెరువుల నుంచి రిపోర్టు రాలేదు. రెండు మూడు రోజులు గడిచాక వాటంతట అవే రావడం మొదలైంది. వాన ఆగి పది పదిహేను రోజులు ఎండ కాశాక మళ్లీ వాన పడితే మళ్లీ మౌనం. ఒక చెరువు నీళ్లు చూసుకునే నీరటి నాతో అన్నమాట నా నోట్‌బుక్‌లో అలాగే ఉంది: "సారూ, ఇది మొగులైన నాడే మూగవోతది. ఎండగొట్టిన నాడు మంచిగనే ఉంటది."

నేను అప్పుడు, "వానకు సిగ్నల్ తగ్గదు కాకా, ఇది వేరే ఏదో" అన్నాను. నా మాట తప్పు కాదు. వాన చినుకులు రేడియోను తినేది పది గిగాహెర్ట్జ్ దాటిన తర్వాత. మా మాడ్యూల్ నడిచేది 900 మెగాహెర్ట్జ్ దగ్గర, అక్కడ ఎంత కుండపోత అయినా లెక్కలోకి రాదు. కానీ ఆయన చూసినదీ నిజమే. ఆ మాటను పక్కన పెట్టకుండా, మొగులుకూ మౌనానికీ సంబంధం ఏమిటని ఆ రోజే కూర్చుని ఆలోచించి ఉంటే నాలుగు వారాలు కలిసొచ్చేవి.

మేం మొదట అనుమానించింది యాంటెన్నాను. నాలుగింటిలో ఒకచోట పొడుగాటి యాంటెన్నా పెట్టి ఎత్తు పెంచాం. అది వెంటనే బాగైంది. సంతోషించి మిగతా మూడింటికీ అదే చేశాం. వాటిలో ఒక్కటీ మారలేదు. ఆ తర్వాత సిమ్‌లు మార్చాం, మాడ్యూల్ ఫర్మ్‌వేర్ మార్చాం, కనెక్టర్లలోకి చెమ్మ వెళ్లిందేమోనని విప్పి చూశాం. ఈ వారాల గురించి చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు.

తూము గదిలో దొరికిన ఆనవాలు

ఒక మధ్యాహ్నం ఒక చెరువు దగ్గర వాన తగిలింది. ల్యాప్‌టాప్ తడవకూడదని పరికరంతో సహా తూము గదిలోకి దూరాను. రాతి గోడలు, పైన ఇనుప మూత. లోపల సిగ్నల్ ఇరవై డెసిబెళ్లు పడిపోయింది. ఇక పని కాదనుకుంటూనే అలవాటు కొద్దీ మాడ్యూల్‌ను ఆన్ చేశాను. రెండు రోజులుగా బయట గాలిలో కలవని పరికరం లోపల, ఇనుప మూత కింద, మొదటి ప్రయత్నంలోనే కలిసింది.

బయటికి తెచ్చాను, కలవలేదు. లోపలికి తీసుకెళ్లాను, కలిసింది. ఆరుసార్లు చేశాను, ఆరుసార్లూ అంతే. ఆ రోజుతో యాంటెన్నా మాట మానేసి, పరికరం టవర్‌ను మొదట పలకరించే ర్యాండమ్ యాక్సెస్ లాగ్ చదవడం మొదలుపెట్టాం.

అసలు ర్యాండమ్ యాక్సెస్‌లో ఏం జరుగుతుంది

నిద్రపోతున్న పరికరానికి టవర్ దగ్గర చోటు కేటాయించి ఉండదు. లేచి మొదట ఒక ప్రియాంబుల్ పంపాలి. నేనున్నాను అని కేకేయడం లాంటిది. టవర్ దానికి ర్యాండమ్ యాక్సెస్ రెస్పాన్స్ అనే జవాబిస్తుంది. ఆ జవాబులో చెప్పిన చోట పరికరం మూడో సందేశం పంపుతుంది. నాలుగోదిగా టవర్, ఫలానా వాడివి నువ్వే అని ఖాయం చేస్తుంది. పైకి, కిందికి, పైకి, కిందికి. నాలుగు సందేశాల్లో మూడు మలుపులు.

మామూలు ఎఫ్‌డీడీ ఫోనులో మలుపు అనేదే ఉండదు. పంపే ఫ్రీక్వెన్సీ వేరు, వినే ఫ్రీక్వెన్సీ వేరు, రెంటినీ విడదీసే డ్యూప్లెక్సర్ అనే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి ఒకేసారి మాట్లాడుతూ వినగలదు. 2016లో మొబైల్ ప్రమాణాల కూర్పు రిలీజ్ 13తో వచ్చిన ఎన్‌బీ-ఐఓటీలో ధర తగ్గించడానికి ఆ డ్యూప్లెక్సర్‌ను తీసేశారు. ఆ పరికరాలు హాఫ్ డ్యూప్లెక్స్, అందులోనూ టైప్ బి. అంటే ఫ్రీక్వెన్సీని తయారుచేసే ఆసిలేటర్ పంపడానికీ వినడానికీ ఒక్కటే. మేడారం జాతరలో పోలీసుల చేతిలో ఉండే వాకీటాకీ లాగ: బటన్ నొక్కితే మాట, వదిలితే వినికిడి. 900 బ్యాండ్‌లో పైకి వెళ్లే దారికీ కిందికి వచ్చే దారికీ మధ్య 45 మెగాహెర్ట్జ్ దూరం. ప్రతి మలుపులోనూ ఆసిలేటర్ ఆ 45 మెగాహెర్ట్జ్ దూకి, కొత్తచోట కుదురుకోవాలి. అందుకని పంపడానికి ముందొక సబ్‌ఫ్రేమ్, తర్వాతొక సబ్‌ఫ్రేమ్, అంటే ఒక్కో మిల్లీసెకను చొప్పున, ప్రమాణంలోనే ఖాళీగా వదిలారు.

ఇక ప్రియాంబుల్ పొడవు. ఇందులోనే చిక్కు ఉంది కాబట్టి లెక్క వివరంగా చెబుతాను. ఒక ప్రియాంబుల్‌లో నాలుగు గుంపులు. ఒక్కో గుంపులో మొదట 66.7 మైక్రోసెకన్ల సైక్లిక్ ప్రిఫిక్స్ అనే ముందు ముక్క, తర్వాత 266.7 మైక్రోసెకన్ల సింబల్స్ ఐదు. మొత్తం 5.6 మిల్లీసెకన్లు. దూరం దాకా అందాల్సిన టవర్ల కోసం ప్రిఫిక్స్ పెంచిన ఫార్మాట్‌లో 6.4. మా దగ్గరి టవర్లు వాడింది మొదటిది. సిగ్నల్ తక్కువైన కొద్దీ ఈ ప్రియాంబుల్‌ను 1, 2, 4 నుంచి 128 దాకా రెట్టింపులుగా మళ్లీ మళ్లీ పంపొచ్చు. జీఎస్ఎంతో పోలిస్తే ఇరవై డెసిబెళ్ల అదనపు లోతుకు చేరేది ప్రధానంగా ఈ రిపిటీషన్ల వల్లే. ఎవరు ఎన్నిసార్లు పంపాలన్నది కవరేజ్ లెవెల్ 0, 1, 2 అని మూడు మెట్లుగా టవర్ చెబుతుంది, పరికరం తనకు అందుతున్న సిగ్నల్‌ను చూసుకుని తన మెట్టు ఎంచుకుంటుంది. మా లాగ్‌లో కనిపించినవి: లెవెల్ 0కు 2 సార్లు, లెవెల్ 1కి 32 సార్లు, లెవెల్ 2కు 128 సార్లు.

అంటే ఒక్కో కేక పొడవు వరుసగా 11.2 మిల్లీసెకన్లు, 179.2 మిల్లీసెకన్లు, 716.8 మిల్లీసెకన్లు. అంతసేపూ పరికరం చెవిటిది.

కేక ముగిశాక ఎంతసేపటికి చెవులు తెరవాలి? ఈ నియమాన్ని మేం మొదటిసారి పట్టించుకుని చదివింది తూము గది తర్వాతే. 64 కంటే తక్కువ రిపిటీషన్లయితే చివరి ప్రియాంబుల్ ముగిసిన సబ్‌ఫ్రేమ్ నుంచి 4 సబ్‌ఫ్రేములకు జవాబు విండో తెరుచుకుంటుంది. 64 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 41 సబ్‌ఫ్రేములకు. పైగా 64 ప్రియాంబుల్స్ వరుసగా పంపాక 40 మిల్లీసెకన్ల విరామం తప్పనిసరి. పరికరంలో ఉండే చవక క్రిస్టల్ అంతసేపు పంపేసరికి వేడెక్కి జరుగుతుంది. ఆ విరామంలో టవర్ సిగ్నల్ విని గడియారం సరిచూసుకొమ్మని ప్రమాణం రాసినవాళ్లు ఇచ్చిన వెసులుబాటు అది.

లెవెల్ 0 వాడు పదకొండు మిల్లీసెకన్లు మాట్లాడి నాలుగు మిల్లీసెకన్లలో వినాలి. లెవెల్ 2 వాడు ఎంతో మాట్లాడతాడు గానీ తేరుకోవడానికి నలభై దొరుకుతాయి. లెవెల్ 1 వాడు 179 మిల్లీసెకన్లు గుక్కతిప్పుకోకుండా మాట్లాడి, లెవెల్ 0 వాడికిచ్చిన నాలుగింటిలోనే తేరుకోవాలి. మా నాలుగు చెరువులూ లెవెల్ 1లో ఉన్నాయి. యాంటెన్నా పెంచితే బాగైన ఆ ఒక్కటి లెవెల్ 0కు ఎక్కింది. తూము గదిలో కలిసింది లెవెల్ 2కు దిగింది కాబట్టి.

ఇంతవరకూ అనుమానమే. ఆ నాలుగు మిల్లీసెకన్లలో మా పరికరానికి ఏమవుతోంది? ప్రపంచమంతా ఇవే మాడ్యూళ్లు లెవెల్ 1లో చక్కగా కలుస్తున్నప్పుడు మావే ఎందుకు తప్పుతున్నాయి?

హన్మకొండలో, బల్ల మీద

ఆఫీసులో సిగ్నల్ నిండుగా ఉంటుంది. పరికరాన్ని ఇనుప డబ్బాలో మూసి, యాంటెన్నా కేబుల్ మధ్యలో అటెన్యుయేటర్ పెట్టి, సిగ్నల్‌ను మాకు కావలసినంత తగ్గించుకున్నాం. డబ్బా ముఖ్యం. అది లేకపోతే కేబుల్‌ను వదిలేసి సిగ్నల్ నేరుగా బోర్డులోకే దూరుతుంది, అటెన్యుయేటర్ ఎంత తిప్పినా లెవెల్ మారదు. సరఫరా తీగ మీద ఆసిలోస్కోప్ ఒక ఛానెల్, కరెంట్ ప్రోబ్ ఇంకో ఛానెల్, మాడ్యూల్ డీబగ్ లాగ్ పక్కన.

కొత్త సెల్ వేస్తే మూడు లెవెల్స్‌లోనూ కలిసింది. ఒక్క తప్పూ లేదు. ఒక రోజంతా ఇలాగే గడిచింది, మా ఊహ తప్పేమోనన్న టెన్షన్ పట్టుకుంది. మర్నాడు నర్సంపేట దాటి వెళ్లి, వేసవి అంతా కట్ట మీద ఎండకు కాగిన సెల్‌నే విప్పి తెచ్చి వేశాం. లెవెల్ 0లో కలిసింది. లెవెల్ 1లో వరుసగా తప్పింది. లెవెల్ 2లో కలిసింది. చెరువు దగ్గరి గొయ్యి బల్ల మీదికి వచ్చింది.

స్కోప్ మీద బొమ్మ స్పష్టంగా ఉంది. మాడ్యూల్ 23 డీబీఎం, అంటే 0.2 వాట్ శక్తితో పంపుతున్నప్పుడు 220 మిల్లీఆంపియర్లు లాగుతోంది. పాత సెల్ లోపలి నిరోధం 4 ఓమ్‌ల దగ్గరికి చేరింది. 0.22ను 4తో హెచ్చిస్తే 0.88 వోల్టులు. 3.6 ఉండాల్సిన తీగ 2.7కు కుంగింది. మాడ్యూల్ రీసెట్ కాలేదు, పంపడం ఆపలేదు, ఏ ఎర్రర్ కూడా ఇవ్వలేదు. ప్రియాంబుల్ అయిపోగానే బరువు తగ్గి తీగ పైకి లేవడం మొదలైంది. ఎంత వేగంగా? 4 ఓమ్‌లు, 4700 మైక్రోఫారడ్లు: దాదాపు 19 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టంట్, అంటే కుంగుబాటు మూడో వంతు దగ్గరికి తగ్గడానికి పట్టే కాలం. నాలుగు మిల్లీసెకన్లకు కుంగుబాటులో 80 శాతం ఇంకా అలాగే ఉంటుంది. నలభై ఒకటో మిల్లీసెకనుకు మిగిలేది 11 శాతం.

అంటే లెవెల్ 1లో జవాబు విండో తెరుచుకునేసరికి తీగ ఇంకా ఎక్కుతూనే ఉంది. దానితోపాటే క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ జరుగుతోంది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర 0.1 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) జరగడమంటే 90 హెర్ట్జ్. పది మిల్లీసెకన్లలో ఫేజ్ దాదాపు ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. బలహీనమైన సిగ్నల్‌ను ముక్కలు ముక్కలుగా కలిపి పెద్దది చేసుకోవడం మీదే ఎన్‌బీ-ఐఓటీ వినికిడి అంతా ఆధారపడింది. ఆ ముక్కలు ఒకదానికొకటి ఎదురు తిరిగితే కలిపిన కొద్దీ తగ్గుతుంది. లాగ్‌లో ఇంకో సంగతి కనిపించింది: మలుపు తిరిగిన వెంటనే మాడ్యూల్ ఒకసారి ఫ్రీక్వెన్సీ తేడా కొలుచుకుని, ఆ విలువతోనే విండో అంతా నడిపిస్తోంది. అందువల్ల తీగ కుదుటపడ్డాక కూడా అది తప్పు విలువనే పట్టుకుని వింటూ ఉంది.

కుంగిన వోల్టేజే కారణమా, కదులుతున్న వోల్టేజ్ కారణమా అన్నది తేల్చకపోతే మందు తప్పుతుంది. అందుకని బెంచ్ సప్లై నుంచి సరిగ్గా 2.75 వోల్టులు స్థిరంగా ఇచ్చి లెవెల్ 1లో పెట్టాం. కలిసింది. కొత్త సెల్‌కు వరుసలో 4 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాం. తప్పింది. తక్కువ వోల్టేజ్ దాన్ని చంపలేదు, వినే క్షణంలో వోల్టేజ్ కదలడం చంపింది. ఈ కేసులో నాకు ఎక్కువ నమ్మకం ఇచ్చిన కొలత ఇదే, చేయడానికి పట్టింది అరగంట. టవర్ మా కేక వినడం లేదేమో అన్న సందేహం కూడా ఇక్కడే తీరింది: అదే సెల్‌తో, అదే కుంగుబాటుతో లెవెల్ 2లో పంపిన కేకను టవర్ వింటూనే ఉంది. లోపం పంపడంలో లేదు, వినడానికి తిరిగే మలుపులో ఉంది.

మొగులుకూ మౌనానికీ సంబంధం

ఈ రకం సెల్‌లో లిథియం మీద లిథియం క్లోరైడ్ పొర ఒకటి పేరుకుంటుంది. పాసివేషన్ అంటారు. సెల్ ఏళ్ల తరబడి నిల్వ ఉండగలిగేది ఆ పొర పుణ్యమే. కానీ వాడకుండా వదిలితే, అందునా వేడిలో, పొర మందమవుతుంది. అప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజ్ కుంగుతుంది. కొన్నిసార్లు లాగాక పొర విరిగి మళ్లీ మామూలవుతుంది. మన ఉత్తర తెలంగాణ మే నెల 45 డిగ్రీలు దాటుతుంది, మూసిన డబ్బాలో ఇంకా ఎక్కువ. మూడు రోజులకొకసారి మాత్రమే లేచే పరికరంలో పొర పెరగడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

నీరటి చెప్పింది అదే. ఎండకాలమంతా పడుకున్న పరికరం అత్యవసరంగా లేవాల్సింది మొదటిసారి మొగులైన రోజున. ఆ రోజు సెల్ అన్నిటికంటే బిగుసుకుని ఉంటుంది. రెండు మూడు రోజులు విఫల ప్రయత్నాలు చేసేసరికి పొర విరిగి, తనంతట తానే బాగవుతుంది. నేను వెళ్లి ఆయనకు ఇది వివరంగా చెప్పాను. "అంటే బావి మోటరు లెక్క, శాన దినాలు నడువకుంటె పట్టేస్తది" అన్నాడు. నా వివరణ కంటే అదే బాగుంది.

మా తప్పు ఇంకొకటి

ప్రమాణం ప్రకారం లెవెల్ 1లో నిర్ణీత సంఖ్యలో ప్రయత్నాలు తప్పితే పరికరం తనంతట తానే లెవెల్ 2కు దిగాలి. దిగితే మావి కలిసేవి, కాస్త ఆలస్యంగా. మరి ఎందుకు దిగలేదు? మా ఫర్మ్‌వేర్‌లో 60 సెకన్ల టైమర్ ఉంది. అంతలో కలవకపోతే బ్యాటరీ ఆదా కోసం మాడ్యూల్‌ను ఆర్పేస్తుంది. ఎన్‌బీ-ఐఓటీలో ఒక్క జవాబు విండోయే 10.24 సెకన్ల దాకా ఉండొచ్చు. టవర్ బ్యాకాఫ్ చెబితే ఆగాల్సిన సమయం 524 సెకన్ల దాకా వెళ్లగలదు. ఫోన్ అలవాటుతో రాసిన 60 సెకన్లు ఇక్కడ చెల్లవు. ప్రతిసారీ లెవెల్ 2 గుమ్మం దాకా వచ్చిన పరికరాన్ని మేమే వెనక్కి లాగాం, మళ్లీ లేచినప్పుడు అది మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ టైమర్ రాసింది నేనే. రాసేటప్పుడు అరవై ఎందుకో నా దగ్గర లెక్క లేదు.

ఏం మార్చాం

మొదట ఒక దారి వద్దనుకున్న సంగతి చెప్పాలి. మా బృందంలో ఒకరు, యాంటెన్నాలన్నీ కిందికి దించేద్దాం, అన్నీ లెవెల్ 2కు వెళ్లి కలుస్తాయి, ఒక్క రోజు పని అన్నారు. కలుస్తాయి, నిజమే. నేను ఒప్పుకోలేదు. లెవెల్ 1లో ఒక కేకకు ఖర్చు 39 మిల్లీకూలంబ్‌లు, లెవెల్ 2లో 158. కేక కేకకూ నాలుగింతల ఖర్చు. పైగా ప్రియాంబుల్ దారి అందరిదీ. అవసరం లేని 716 మిల్లీసెకన్లు మేం ఆక్రమిస్తే, నిజంగా లోతులో ఉన్న మరో పరికరానికి దారి దొరకదు.

అసలు మార్పు సరఫరాలో చేశాం. 179 మిల్లీసెకన్ల కేకకు వోల్టేజ్ 0.3కు మించి కుంగకూడదనుకుంటే, సెల్ సాయం అసలు లేదనుకుని లెక్కేస్తే 0.13 ఫారడ్ కావాలి. లెవెల్ 2 కేకకు 0.53 ఫారడ్. మేం పెట్టిన 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ లెవెల్ 0 పదకొండు మిల్లీసెకన్లకు కొంత ఆసరా ఇవ్వగలదు గానీ, అంతకు మించి దాని వల్ల కాదు. డిజైన్ రోజున ఈ మూడు గుణకారాలు చేసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు 1 ఫారడ్ సూపర్ కెపాసిటర్లు రెండు వరుసలో పెట్టాం, కలిపి 0.5 ఫారడ్, ఒక్కోదాని మీద 1.8 వోల్టులు. అవి 2.7కు తయారైనవి కాబట్టి వేడిలో కూడా ఊపిరి ఉంటుంది. మొదటిసారి నిండేటప్పుడు సెల్ మీద భారం పడకుండా రెసిస్టర్ ద్వారా నింపుతాం.

దీనివల్ల కుంగుబాటు తగ్గింది, అంతకంటే ముఖ్యంగా కదలిక నెమ్మదించింది. లెవెల్ 1 కేక తర్వాత ఇప్పుడు తీగ ఎక్కాల్సింది 0.08 వోల్టులే, అదీ రెండు సెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో. సెకనుకు 46 వోల్టుల వేగంతో మొదలయ్యే ఎక్కుడు సెకనుకు 0.04కు వచ్చింది. నాలుగు మిల్లీసెకన్ల మలుపు దృష్టిలో అది నిశ్చలమే.

రెండోది, మాడ్యూల్‌ను లేపే ముందు సెల్‌ను కొంచెం కదిలించడం. రాడార్ సెన్సర్‌ను ఎలాగూ ఆన్ చేయాలి, దాని కొలత పూర్తయ్యేదాకా మాడ్యూల్‌ను ఆపుతున్నాం. ఎక్కువ రోజులు నిద్రపోయి లేస్తే సెన్సర్‌ను రెండుసార్లు కొలవమంటున్నాం. ఆ చిన్న కరెంటు పొరను విరగ్గొడుతుంది, రెండో కొలత వృథా కూడా కాదు, అలల లెక్క సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

మూడోది టైమర్. 60 సెకన్లను తీసేసి, మాడ్యూల్ చెప్పే స్థితిని బట్టి నడిచేలా మార్చాం. సీఈరెగ్, సీఎస్‌కాన్ అనే ఏటీ కమాండ్‌ల (మాడ్యూల్‌ను స్థితి అడిగే ఆదేశాలు) నుంచి వచ్చే కబురు చూసి, ర్యాండమ్ యాక్సెస్ నడుస్తున్నంతసేపు ఆర్పకూడదని రాశాం. మూడు మెట్లూ దిగి చూశాకే ఓటమి ఒప్పుకోవాలి. అప్పుడు కూడా వాన పడుతుంటే ఐదు నిమిషాల్లో మళ్లీ ప్రయత్నం.

మూడో సందేశం నుంచి నాలుగో సందేశానికి తిరిగే మలుపునూ ఇదే స్కోప్‌తో చూశాం. అక్కడ కూడా పాత సరఫరాతో తీగ ఇలాగే ఊగింది. కానీ మా దగ్గరి టవర్లలో, కబురు వచ్చే కంట్రోల్ ఛానెల్‌ను వెతకాల్సిన చోటు కొంత దూరంగా పడటంతో కాలం దొరికింది. టవర్ సెట్టింగ్ మారితే ఆ దూరం కూడా మారుతుంది కాబట్టి, కొత్త సరఫరాతో అన్ని మలుపులనూ మళ్లీ కొలిచాకే బోర్డు ఖాయం చేశాం. రిలీజ్ 15లో మూడో సందేశంలోనే డేటా పంపేసే ఎర్లీ డేటా ట్రాన్స్‌మిషన్ వచ్చింది. మాలాంటి పది ఇరవై బైట్ల రిపోర్టుకు అది ఎంతో అనువు, మలుపులు తగ్గుతాయి. టవర్, మాడ్యూల్ రెండూ దాన్ని ఒప్పుకునే చోట వాడాలని బోర్డు కొత్త కూర్పులో ఆ మాడ్యూల్‌నే ఎంచుకున్నాం.

మాలాంటి పని చేసేవాళ్లకు ఒక మాట. 5జీలో రిలీజ్ 17తో వచ్చిన రెడ్‌క్యాప్ (సామర్థ్యం తగ్గించిన చవక) పరికరాలకూ హాఫ్ డ్యూప్లెక్స్ ఎఫ్‌డీడీ ఉంది. అక్కడ మలుపుకు ఇచ్చిన కాలం ఆరు గిగాహెర్ట్జ్ దిగువ బ్యాండ్‌లలో సుమారు 13 మైక్రోసెకన్లు. పంపడం నుంచి వినడానికి మార్చే స్విచ్ అంత వేగంగా తిరుగుతుంది. తీగ మీది వోల్టేజ్ అంత వేగంగా కుదుటపడుతుందని ఏ ప్రమాణమూ హామీ ఇవ్వదు, అది బోర్డు చేసేవాడు చూసుకోవాల్సిందే. మాడ్యూల్ కొనుక్కుని బ్యాటరీ తగిలించే మాలాంటి చిన్న బృందాలు ప్రసార శక్తి, సగటు కరెంటు చూసి ఆగిపోతాం. ఆసిలోస్కోప్ ట్రిగ్గర్‌ను కేక మొదలు మీద కాకుండా కేక ముగింపు మీద పెట్టి చూడండి.

ప్రస్తుతం

పద్నాలుగింటికీ కొత్త బోర్డులు బిగించడానికి రెండు వారాలు పట్టింది. సెప్టెంబర్‌లో మళ్లీ గట్టి వాన పడిన రాత్రి, అంతకుముందు పన్నెండు రోజులు ఎండ కాసిన తర్వాత, నాలుగు చెరువుల నుంచీ మొదటి రిపోర్టు మొదటి లేపులోనే వచ్చింది. యాంటెన్నా పెంచితే లెవెల్ 0కు ఎక్కినది అక్కడే కలిసింది, రెండు లెవెల్ 1లోనే కలిశాయి. ఒకటి లెవెల్ 2కు దిగి కలిసింది. ఎందుకు దిగిందో లాగ్ తెప్పించి చూశాం: జవాబు అందుతూనే ఉంది, మూడో సందేశం దగ్గర వేరే పరికరాలతో ఢీకొని లెవెల్ 1 ప్రయత్నాలు అయిపోయాయి. అది ర్యాండమ్ యాక్సెస్‌లో మామూలే.

తేలాల్సింది సూపర్ కెపాసిటర్ల లీకేజీ. పది మైక్రోఆంపియర్లయితే ఏడాదికి 88 మిల్లీఆంపియర్-అవర్లు, 19 ఆంపియర్-అవర్ల సెల్‌కు అది భారం కాదు. వేడికి లీకేజీ పెరుగుతుంది. రెండు చెరువుల దగ్గర డబ్బాల్లో ఉష్ణోగ్రత, లీకేజీ రెండూ రోజూ రాసుకునేలా పెట్టాం, మే నెలాఖరుకు వాటిని విప్పి కొలుస్తాం. నీరటి కాకా ఫోన్ నంబర్ కూడా అలర్ట్ జాబితాలో చేర్చాం. పై చెరువు మట్టం మత్తడికి అడుగు దూరంలోకి రాగానే ఆయన ఫోన్ మోగుతుంది. సెప్టెంబర్‌లో ఆ రాత్రి రెండు గంటల ఇరవై నిమిషాలకు మోగింది. టార్చి పట్టుకుని కట్ట మీదికి వెళ్లి, తూము షట్టర్ ఎత్తి, పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు.